కోత లేని వాల్వు మార్పిడి: రక్తం బయటికి వెళ్లే దారిని ముందే కొలవాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

తొడ దగ్గరి సిర గుండా క్యాథెటర్ పంపించి, ఛాతీ తెరవకుండానే గుండెలోని మైట్రల్ వాల్వును మార్చే చికిత్స గురించి మీ పత్రిక వరంగల్ సంచికలో ఇటీవల వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. వయసు మీరినవారికి, ఇదివరకే ఒకసారి గుండె ఆపరేషన్ అయినవారికి ఈ పద్ధతి ఎంత ఊరటనిస్తుందో అందులో వివరంగా రాశారు. అందులో అతిశయోక్తి లేదు. అయితే ఈ చికిత్స చేసే వైద్యులు అన్నిటికంటే ఎక్కువగా జంకే ప్రమాదం గురించి ఆ కథనంలో ఒక్క వాక్యమైనా లేదు. కొత్త వాల్వు కూర్చోవలసిన చోటే చక్కగా కూర్చున్నా, గుండె నుంచి శరీరానికి రక్తం వెళ్లే దారి దానివల్లనే ఇరుకైపోవచ్చు, ఒక్కోసారి దాదాపుగా మూసుకుపోవచ్చు. అలా జరిగిన తర్వాత చేయగలిగింది తక్కువ. జరగకుండా చూసుకోవడానికి చేయవలసిందంతా క్యాథెటర్ ఒంట్లోకి వెళ్లకముందే చేయాలి. నేను గుండె వైద్యురాలిని కాను. వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. కానీ ఈ ప్రమాదానికి మూలం గుండె నిర్మాణంలోనే ఉంది కనుక, దాని గురించి నాలుగు మాటలు రాయడం అనుచితం కాదనుకుంటున్నాను.

ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం ఎడమ కర్ణికలో చేరి, మైట్రల్ వాల్వు గుండా ఎడమ జఠరికలోకి దిగుతుంది. జఠరిక ముడుచుకున్నప్పుడు అదే రక్తం వెనక్కి తిరిగి, పైనున్న బృహద్ధమనిలోకి వెళుతుంది. లోపలికి వచ్చే దారీ బయటికి వెళ్లే దారీ జఠరికలో ఎదురెదురుగా కాక పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటికీ మధ్య ఎముక లేదు, కండరం లేదు. ఉన్నదల్లా మైట్రల్ వాల్వు ముందు రేకు ఒక్కటే. మైట్రల్ వాల్వుకు రెండు రేకులుంటాయి. వెనక రేకు పొట్టిది, వాల్వు చుట్టుకొలతలో మూడింట రెండు వంతుల మేర అతుక్కుని ఉంటుంది. ముందు రేకు మిగిలిన మూడో వంతులోనే అతుక్కున్నా, పొడవుగా తెరలా కిందికి వేలాడుతుంది. దాని పైఅంచు బృహద్ధమని వాల్వుతో ఒకే పీచుపొరగా కలిసిపోయి ఉంటుంది. పుస్తకాల్లో మైట్రల్ వాల్వును పైనుంచి చూసినట్టు బొమ్మ గీయడం అలవాటు కావడం వల్ల, ఈ ముందు రేకు నిజానికి రెండు దారుల మధ్య అడ్డుతెర అన్న సంగతి మా విద్యార్థులకు గుండెను చేతిలోకి తీసుకుని కోసి చూసేదాకా పట్టుబడేది కాదు.

ఛాతీ తెరిచి వాల్వు మార్చే శస్త్రవైద్యుడు ఈ ముందు రేకును సాధారణంగా కోసి తీసేస్తాడు, లేదా మధ్యకు చీల్చి పక్కలకు కుట్టేస్తాడు. క్యాథెటర్ ద్వారా వాల్వు పెట్టేటప్పుడు అలా తీసివేయడం ఉండదు. లోహపు అల్లికతో చేసిన గొట్టంలో అమర్చిన కొత్త వాల్వు పాత రేకుల మధ్యనే విచ్చుకుని, వాటిని నాలుగు పక్కలకూ నెట్టేస్తుంది. వెనక రేకు జఠరిక గోడకు ఆనుకుంటుంది కాబట్టి దానివల్ల నష్టం లేదు. ముందు రేకు మాత్రం బృహద్ధమనికి వెళ్లే దారిలోకి నెట్టుకుపోయి, అక్కడే శాశ్వతంగా నిలబడిపోతుంది. పక్కపక్కనే పారే రెండు కాలువలకు ఒకే షట్టరు బిగిస్తే, ఒకదానికి పూర్తిగా తెరిచినప్పుడల్లా అది రెండోదానికి అడ్డం పడ్డట్టే ఇదీను. ఆ రేకుకూ, కుడి ఎడమ జఠరికలను వేరుచేసే మధ్యగోడకూ నడుమ మిగిలిన సందులోంచే ఇక శరీరానికంతటికీ రక్తం వెళ్లాలి. మధ్యగోడ పైభాగం దళసరిగా ఉబ్బి ఉన్నా, జఠరిక లోపలి జాగా చిన్నదైనా, ముందు రేకు మరీ పొడవైనా, మైట్రల్, బృహద్ధమని వాల్వుల మధ్య కోణం అనుకూలంగా లేకపోయినా, కొత్త వాల్వు జఠరికలోకి ఎక్కువగా దిగినా ఆ సందు ఇరుకవుతుంది. దీనికి తోడు, పొడవైన రేకు కొస ప్రతి స్పందనలోనూ రక్తపు వడికి కొట్టుకుపోయి మధ్యగోడకు అంటుకోవడం మరో రకం అడ్డంకి.

బృహద్ధమని వాల్వును క్యాథెటర్ ద్వారా మార్చడం 2002లోనే ఫ్రాన్సులోని రువాన్ నగరంలో అలెన్ క్రిబియే చేతుల మీదుగా మొదలై, ఇవాళ హైదరాబాదులో తరచుగా జరిగే చికిత్స అయింది. సహజమైన మైట్రల్ వాల్వు స్థానంలో ఆ పని మనిషికి తొలిసారి జరిగింది 2012లో, కోపెన్‌హేగెన్‌లో. పదేళ్ల ఈ వెనుకబాటుకు పరికరాల కొరత ఒక్కటే కారణం కాదు. బృహద్ధమని వాల్వు గొట్టంలాంటి చోట ఉంటుంది, దాని పక్కన మూసుకుపోవడానికి ఇంత పెద్ద దారి మరొకటి లేదు. కాబట్టి ఒక వాల్వు విషయంలో సులువైనది రెండోదాని విషయంలోనూ అంతే సులువని పాఠకులకు అనిపించేలా రాయడం సరికాదు.

ప్రమాదం అందరికీ ఒకేలా ఉండదు. 2019లో ప్రచురితమైన అంతర్జాతీయ నమోదు వివరాల్లో మూడు రకాల రోగులను విడివిడిగా లెక్కించారు. ఇదివరకు ఆపరేషన్‌లో పెట్టిన జంతుకణజాలపు వాల్వు పాడైతే దాని లోపలే కొత్తది పెట్టినవారిలో ఈ అడ్డంకి 2.2 శాతం మందికి వచ్చింది. వాల్వును మార్చకుండా రింగు వేసి బాగుచేయించుకున్నవారిలో, ఆ రింగులో కొత్త వాల్వు పెట్టినప్పుడు 5 శాతం. వాల్వు చుట్టూ సున్నం గట్టిగా పేరుకుపోయిన వృద్ధులలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఆ సున్నపు వలయంలోనే వాల్వు పెట్టినప్పుడు 39.7 శాతం. ఈ తేడాలో వింతేమీ లేదు. మొదటి రకంవారిలో ముందు రేకును చాలావరకు పాత ఆపరేషన్‌లోనే తీసేసి ఉంటారు. రింగు వేసినవారిలో రేకు అలాగే ఉంటుంది. మూడో రకంవారిలో రేకు ఉండడమే కాక, తరచుగా జఠరిక చిన్నదై, మధ్యగోడ దళసరిగా కూడా ఉంటుంది. అడ్డంకి ఏర్పడినవారిలో దాదాపు మూడింట ఒక వంతు మంది ఆ చికిత్స సందర్భంలోనే మరణించారని, ఏర్పడనివారిలో ఆ సంఖ్య 2.4 శాతమేనని అదే ఏడాది వచ్చిన మరో పరిశీలన తేల్చింది. ఒకే చికిత్స గురించి ఒకే వాక్యంలో 'సురక్షితం' అని రాయడం ఎందుకు తగదో ఈ అంకెలే చెబుతాయి.

ఈ విషయం మన ప్రాంతానికి దూరమైనది కాదు. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై, కీళ్లవాత జ్వరంగా మారి, వాల్వులను దెబ్బతీసే జబ్బు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వంటి ప్రాంతాల నుంచి వరంగల్‌కు వచ్చే రోగులలో నేటికీ కనిపిస్తూనే ఉంది. మూడు వారాలకొకసారి తీసుకోవలసిన పెన్సిలిన్ సూది మధ్యలో మానేసినవారు ఇరవైలు, ముప్పైలలోనే ఆయాసంతో వస్తారు. కొందరికి బెలూన్‌తో వాల్వు తెరవడం సరిపోతుంది, కొందరికి మార్చక తప్పదు. పిల్లలు కావాలనుకునే యువతులకు లోహపు వాల్వు పెడితే రక్తం పలుచబడే మాత్రలు జీవితాంతం వాడాలి, అవి గర్భంలోని శిశువుకు హాని చేయవచ్చు. అందువల్ల వారిలో చాలామందికి కణజాలపు వాల్వు పెడతారు. ఆ నిర్ణయం సమంజసమైనదే. కానీ కణజాలపు వాల్వు సాధారణంగా పది పదిహేనేళ్లే పనిచేస్తుంది, చిన్న వయసువారిలో ఇంకా తొందరగా పాడవుతుంది. పాతికేళ్ల వయసులో ఆపరేషన్ అయిన యువతి నలభై దాటకముందే రెండో వాల్వు కోసం వైద్యుల దగ్గరికి రావలసి ఉంటుంది. క్యాథెటర్ ద్వారా మైట్రల్ వాల్వు మార్చుకోవలసిన రోగులు ఉత్తర తెలంగాణలో ముందుగా వచ్చేది ఈ వరుస నుంచేనని నా అంచనా. పైన చెప్పిన మూడు రకాలలో వీరిది ప్రమాదం తక్కువున్న రకమే. అయినా సన్నని శరీరం, చిన్న జఠరిక ఉన్న స్త్రీలలో కొలవకుండా ముందుకు వెళ్లడానికి వీల్లేదు.

కొలవడం ఎలా అన్నది ఇప్పుడు స్పష్టంగా తెలిసిన విషయమే. గుండె చప్పుళ్ల లయకు అనుసంధానించి తీసే సీటీ స్కాన్‌లో, రక్తనాళంలోకి రంగుమందు ఎక్కించి, స్పందన పొడుగునా గుండె ఆకారాన్ని చిత్రిస్తారు. ఆ చిత్రంలో పెట్టదలచిన వాల్వును, అదే సైజులో, కూర్చోవలసిన లోతులో కంప్యూటర్ మీదే అమర్చి చూస్తారు. తర్వాత మిగిలే సందు వైశాల్యాన్ని జఠరిక బాగా ముడుచుకున్న క్షణంలో కొలుస్తారు, ఎందుకంటే రక్తం బయటికి వెళ్లేదీ, దారి బాగా ఇరుకయ్యేదీ ఆ క్షణంలోనే. ఆ వైశాల్యం సుమారు 1.7 చదరపు సెంటీమీటర్లకు తగ్గేటట్టుంటే అడ్డంకి వచ్చే అవకాశం బలంగా ఉందని పరిశీలనల్లో తేలింది. ఈ అంకె దగ్గర గీత గీసినట్టు భద్రత మొదలవుతుందని ఎవరూ అనరు. కానీ అంకె అనేదే లేకుండా రోగిని బల్ల మీదికి ఎక్కించకూడదన్న విషయంలో వాదానికి తావు లేదు. మామూలు ఛాతీ సీటీ, మామూలు ఎకో ఈ పనికి సరిపోవు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి రంగుమందు ఇబ్బంది కలిగించవచ్చు. దాని మోతాదును, ముందు ఎక్కించవలసిన సెలైన్‌ను వైద్యులు లెక్క వేసుకోవాలి తప్ప, ఆ కారణం చెప్పి స్కాన్ మానేయడం తగదు.

సందు చాలదని తేలితే ఏం చేస్తారన్నది అసలైన ప్రశ్న. ఎత్తు తక్కువైన వాల్వును ఎంచుకోవడం, దాన్ని కర్ణిక వైపు కాస్త పైకి అమర్చడం కొందరికి సరిపోతాయి. మధ్యగోడ ఉబ్బే అసలు అడ్డమైతే, ఆ భాగానికి రక్తం తెచ్చే చిన్న ధమనిలోకి ఒకటి నుంచి మూడు మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ పంపి, అక్కడి కండరాన్ని ఉద్దేశపూర్వకంగా చంపేసి పలుచబరుస్తారు. సాధారణంగా వంశపారంపర్యంగా వచ్చే, గోడ దళసరెక్కే జబ్బుకు ఉల్రిక్ సిగ్వార్ట్ 1990ల మధ్యలో మొదలుపెట్టిన ఈ పద్ధతినే తర్వాత వాల్వు మార్పిడికి ముందు జాగ్రత్తగా వాడడం మొదలైంది. కండరం ఎండి పలుచబడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. గుండెలోని విద్యుత్ తీగలు దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టవలసి రావడం ఇందులో తెలిసిన నష్టం. అంటే ఇది వాల్వు పెట్టే రోజున తీసుకునే నిర్ణయం కాదు, నెలన్నర ముందు తీసుకోవలసినది.

ముందు రేకే అడ్డమైతే దాన్ని క్యాథెటర్‌తోనే చీల్చే పద్ధతి ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయ వైద్యులు కలిసి 2017 ప్రాంతంలో దీన్ని మనుషులకు మొదలుపెట్టారు. వెంట్రుకంత సన్నని తీగకు క్షణకాలం విద్యుత్తు ఇచ్చి రేకు మొదట్లో రంధ్రం చేసి, ఆ తీగ కొసను రెండో క్యాథెటర్‌తో అందుకుని, మళ్లీ విద్యుత్తు ఇస్తూ రేకును నడిమికి కొసదాకా చీలుస్తారు. విద్యుత్తు రక్తంలోకి చెదిరిపోకుండా ఆ సమయంలో గ్లూకోజు నీటిని ధారగా పంపుతారు. చీలిన వెంటనే కొత్త వాల్వు విచ్చుకోవాలి, ఎందుకంటే చీలిన వాల్వు రక్తాన్ని ఆపలేదు. రేకు రెండు ముక్కలై పక్కలకు తొలగితే, కొత్త వాల్వు లోహపు అల్లికలోని ఖాళీల గుండా రక్తం బృహద్ధమనికి పోతుంది. తొలి పరీక్షలో 30 మంది రోగులలోనూ రేకును చీల్చగలిగారు, 93 శాతం మంది నెల దాటి బతికారు. ఛాతీ తెరిచే ఆపరేషన్‌కు పనికిరారని తేల్చిన రోగుల విషయంలో ఇది చిన్న ఫలితం కాదు. అయితే అల్లికలో కొంత భాగంలోని ఖాళీలను బట్ట కప్పేసే వాల్వులలో, ఆ బట్ట ఉన్నంత మేర రేకును చీల్చినా ఉపయోగం ఉండదు. పైగా ఇది చేయి తిరిగినవారు చేయవలసిన పని. ఒక సదస్సులో వీడియో చూసి వచ్చి మొదలుపెట్టదగినది కాదు.

ఇవేవీ కుదరనప్పుడు క్యాథెటర్ వద్దని చెప్పి, ఛాతీ తెరిచే ఆపరేషన్‌కు పంపడమో, మందులతో నడిపించడమో సరైన వైద్యం. పత్రికల్లో కోత ఉన్న ఆపరేషన్ పాతకాలపుదన్నట్టు, కోత లేనిదే గొప్పదన్నట్టు రాయడం వల్ల రోగి బంధువులే వైద్యుణ్ణి ఒత్తిడి చేసే పరిస్థితి వస్తోంది. 'కొలిచాం, చాలదు, చేయం' అని చెప్పిన వైద్యుడు చేతకానివాడు కాడు. అలాంటి వైద్యుడి గురించి కూడా ఎప్పుడైనా ఒక కథనం వస్తే బాగుంటుంది.

చికిత్స జరుగుతుండగా అన్నవాహిక గుండా చూసే ఎకోను ఆపకుండా నడిపించడం, వాల్వు విచ్చుకున్న వెంటనే జఠరికకూ బృహద్ధమనికీ మధ్య ఒత్తిడి తేడాను కొలవడం అవసరం. ఒత్తిడి పడిపోయిందని గుండె బలంగా కొట్టుకునే మందులు ఇస్తే, రేకు కొట్టుకుపోయే రకం అడ్డంకి మరింత బిగుస్తుంది. అలాంటి వేళ రక్తనాళాల్లోకి ద్రవం ఎక్కించి, గుండె వేగం తగ్గించాలి. మత్తు ఇచ్చే వైద్యుడికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి, శస్త్రవైద్యుల బృందం అదే అంతస్తులో సిద్ధంగా ఉండాలి.

ఇక రోగి చేతిలో ఉండవలసిన కాగితం గురించి. పరకాల వైపున్న మా బంధువు ఒకామెకు పన్నెండు పదమూడేళ్ల కిందట కణజాలపు వాల్వు పెట్టారు. అది పాడై, క్యాథెటర్ పద్ధతి కుదురుతుందేమో చూద్దామని హైదరాబాదు వెళితే, అక్కడి వైద్యుడు మొదట అడిగింది పాత వాల్వు పేరు, సైజు. డిశ్చార్జి కాగితంలో 'వాల్వు మార్పిడి చేయబడింది' అని తప్ప మరో అక్షరం లేదు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో పాత రికార్డులు దొరకలేదన్నారు. ఎక్స్‌రే తెర మీద కనిపించే ఆకారాన్ని బట్టి ఏ కంపెనీ వాల్వో పోల్చుకోవచ్చు కానీ, సైజు కొలిచి తేల్చుకోవలసిందే, ముందు రేకును తీసేశారా ఉంచారా అన్నది ఏ కాగితమూ లేకుండా ఊహించవలసిందే. వాల్వు మీద ముద్రించిన సైజూ దాని లోపలి అసలు వ్యాసమూ ఒకటి కావు. ఏ కంపెనీ, ఏ నమూనా, ఏ సైజు వాల్వుకు లోపలి కొలత ఎంతో, అందులో ఏ కొత్త వాల్వు పడుతుందో చెప్పే మొబైల్ యాప్‌ను భారతీయ మూలాలున్న శస్త్రవైద్యుడు వినాయక్ బాపట్ రూపొందించారు, ప్రపంచమంతటా వైద్యులు దాన్ని ఉచితంగా వాడుతున్నారు. అయితే అందులో నింపడానికి రోగి దగ్గర ఆ మూడు వివరాలు ఉండాలి కదా. 2023 జూలై వరదల్లో మోరంచపల్లిలోనూ, ఇటు వరంగల్, హన్మకొండల్లోని లోతట్టు కాలనీల్లోనూ ఇళ్లలోకి నీళ్లు చొచ్చుకువచ్చిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బీరువా అడుగున దాచిన కాగితం మీదే ఒక మనిషి రెండో వాల్వు ఆధారపడి ఉండడం మంచిది కాదు.

కాబట్టి వాల్వు ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వాల్వు కంపెనీ, నమూనా, సైజు, క్రమసంఖ్య, ముందు రేకును ఏం చేశారన్న వివరం తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసిన గట్టి కార్డును రోగికి ఇవ్వాలని, వాటిని ఆరోగ్యశ్రీ రికార్డులో కూడా నమోదు చేయాలని కోరుతున్నాను. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. వాల్వు మార్పిడికి డబ్బు చెల్లించే పథకమే ఈ వివరాలు లేని బిల్లును వెనక్కి పంపితే, ఏ ఆస్పత్రీ వాటిని రాయడం మరచిపోదు. క్యాథెటర్ వాల్వులకు ఏ పథకం కింద డబ్బు ఇచ్చినా, ముందస్తు సీటీలో కొలిచిన సందు వైశాల్యాన్ని, దాన్ని చూసి గుండె వైద్యుడు, శస్త్రవైద్యుడు, రేడియాలజిస్టు కలిసి సంతకం చేసిన నిర్ణయాన్ని దరఖాస్తుతో జతచేయాలన్న షరతు ఉండాలి.

పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల ఆస్పత్రి గురించి మన నగరంలో ఎన్నో ఆశలున్నాయి. ఈ చికిత్సను వెంటనే అక్కడ మొదలుపెట్టాలని నేను అడగడం లేదు. ఏడాదికి కొద్దిమందికే చేసే చోట చేయి తిరగదు, చేయి తిరగని చోట ఈ పని జరగకూడదు. కానీ గుండె లయకు అనుసంధానమయ్యే సీటీ యంత్రం, దాన్ని చదివి ఈ కొలతలు తీయగల రేడియాలజిస్టు, వాల్వు రోగుల జాబితాను చూసుకునే ఒక క్లినిక్ వరంగల్‌లో ఉండడం కష్టసాధ్యం కాదు. స్కాన్ ఇక్కడే తీసి, ఆ చిత్రాలను హైదరాబాదులోని నిపుణులకు పంపితే, పనికిరాదని తేలే రోగికి 145 కిలోమీటర్ల ప్రయాణం, బంధువుల కూలి నష్టం, లాడ్జి ఖర్చు తప్పుతాయి. పనికివస్తుందని తేలిన రోగి అక్కడికి చేరేసరికి ఆల్కహాల్ చికిత్స కావాలా, రేకు చీల్చాలా, ఏ సైజు వాల్వు తెప్పించాలన్నది నిర్ణయమై ఉంటుంది. స్కాన్ చిత్రాల అసలు ప్రతిని, రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా, డిస్కులో పెట్టి రోగికి ఇవ్వడం కూడా ఈ ఏర్పాటులో భాగం కావాలి. కొత్త వాల్వును కంప్యూటర్ మీద అమర్చి చూడడం ఆ చిత్రాలు ఉంటేనే సాధ్యం.

భవదీయురాలు,
శరీర నిర్మాణ శాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు,
హన్మకొండ